ముందే ఖాయమైన సిజేరియన్: దేనికి పట్టుబట్టాలి, దేన్ని వదిలేయొచ్చు

సిజేరియన్ తేదీ ఖాయమైందనగానే చాలామంది ఇక తాము ఆలోచించాల్సింది ఏమీ లేదనుకుంటారు. డాక్టరు కోస్తారు, బిడ్డను తీస్తారు, కుట్లు వేస్తారు, అంతే అనుకుంటారు. నిజానికి తల్లి ఎంచుకోగలిగినవి అందులో చాలా ఉన్నాయి. ఏ వారంలో చేయాలి, ఏ మత్తు ఇవ్వాలి, పక్కన ఎవరుండాలి, తెర దించాలా వద్దా, బొడ్డుతాడు ఎప్పుడు కోయాలి, బిడ్డ మొదట ఎవరి దగ్గరికి రావాలి, తర్వాత నొప్పి మందులు ఎలా ఇవ్వాలి. అడిగితే ఒప్పుకునేవి వీటిలో చాలానే ఉంటాయి. అడగకపోతే ఆ థియేటర్ అలవాటు ఎలా ఉంటే అలా జరిగిపోతుంది.

అయితే వీటన్నిటికీ ఒకే విలువ లేదు. నన్నడిగితే మూడింటికి మాత్రం పట్టుబట్టమంటాను. పక్కన మన మనిషి ఉండడం, కుట్లు వేస్తుండగానే బిడ్డ మన ఛాతీ మీదికి రావడం, ఆపరేషన్ తర్వాత నొప్పి మందు టైము ప్రకారం అందడం. మిగతావి కుదిరితే సంతోషం, కుదరకపోతే పెద్ద లోటేమీ కాదు.

అసలు సిజేరియనే చేయించుకోవాలా?

మాయ గర్భాశయం ముఖద్వారాన్ని కప్పేసి ఉంటే సిజేరియన్ తప్ప వేరే దారి లేదు. దాని గురించి మథనపడి లాభం లేదు. నిజంగా రెండు దారులు ఉండేది ముఖ్యంగా ఇద్దరికి.

ఒకరు, బిడ్డ తల పైకి ఉండి పిరుదులో కాళ్లో కిందికి ఉన్నవాళ్లు. 36, 37 వారాలు వచ్చాక డాక్టరు పొట్ట మీద చేతులు ఆనించి బిడ్డను బయటినుంచే తిప్పి చూడొచ్చు. ప్రయత్నించిన వాళ్లలో దాదాపు సగం మందికి ఇది ఫలిస్తుంది. అందరికీ కుదిరే పని కాదు, కానీ సిజేరియన్ తేదీ తీసుకునేముందు "నాకు ఇది చేయొచ్చా?" అని అడిగి తీరాలి.

రెండోవాళ్లు, ఇంతకుముందు ఒక సిజేరియన్ అయినవాళ్లు. గర్భాశయం కింది భాగంలో అడ్డకోత పెట్టి ఉండి, వేరే ఇబ్బందులేమీ లేకపోతే, నార్మల్‌కి ప్రయత్నించిన నలుగురిలో ముగ్గురికి దాదాపుగా అవుతుంది. ఇంతకుముందు ఒక నార్మల్ కాన్పు కూడా అయి ఉంటే అవకాశం ఇంకా పెరుగుతుంది. దీంట్లో భయమల్లా గర్భాశయం మీది పాత కుట్టు విడిపోవడం. ఇది సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. అరుదే, కానీ జరిగితే నిమిషాల మీద ఆపరేషన్ చేయాలి, కాబట్టి ఆ ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి. మళ్లీ సిజేరియన్‌కే వెళ్తే ఈ భయం దాదాపు ఉండదు, రోజు ముందే తెలుస్తుంది, మనసు కుదుటపడుతుంది. దాని మూల్యం తర్వాతి గర్భంలో కనిపిస్తుంది. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ మాయ పాత కుట్టు మీద అతుక్కుని గర్భాశయం గోడలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది.

అందుకే ఇక్కడ తేల్చుకోవాల్సిన మొదటి మాట, ఇంకా ఎంతమంది పిల్లలు కావాలి అన్నది. ఇదే ఆఖరి కాన్పు అనుకుంటే రెండో సిజేరియన్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే నార్మల్ ప్రయత్నం గురించి గట్టిగా ఆలోచించాలి. మొదటి కాన్పులో పడిన బాధ వల్ల మళ్లీ నొప్పులంటేనే వణుకు పుట్టేవాళ్లూ ఉంటారు. అది కూడా డాక్టరుతో చెప్పాల్సిన కారణమే. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

39 వారాలు నిండాలా, ముందే చేయించుకోవచ్చా?

తల్లికి గానీ బిడ్డకు గానీ ఇబ్బంది లేనప్పుడు 39 వారాలు నిండాకే చేయించుకోవాలి. దీనికో గట్టి కారణం ఉంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఒంట్లో పుట్టే హార్మోన్లు ఆ ద్రవాన్ని ఇంకిపోయేలా చేస్తాయి. ముందే ఖాయమైన సిజేరియన్‌లో నొప్పులు రావు కాబట్టి ఆ తయారీ అంతగా జరగదు. 37, 38 వారాల్లో చేస్తే పుట్టిన బిడ్డ ఎగశ్వాస పడే అవకాశం 39లో కంటే ఎక్కువ. అలా అయితే బిడ్డను పిల్లల విభాగానికి తీసుకెళ్తారు, ఛాతీ మీద పడుకోబెట్టుకోవాలన్న కోరిక అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ఎవరి వీలు కోసమో ఒక వారం ముందుకు జరపడం లాభసాటి బేరం కాదు. మాయ కిందికి ఉండడం, బీపీ పెరగడం, కవలలు కావడం లాంటి కారణాలతో డాక్టరే ముందు చేయాలంటే అది వేరే సంగతి.

తేదీ రాకముందే నొప్పులు వస్తే? ఉమ్మనీరు పోతే? కొందరికి అలా అవుతుంది. ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపట్లో రావాలి, వచ్చాక వెంటనే సిజేరియన్ చేస్తారా అన్నవి ముందే అడిగి పెట్టుకోండి. టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఏ మత్తు మంచిది?

ఎక్కువమందికి సరైనది వెన్నులో ఒకే సూదితో ఇచ్చే స్పైనల్ మత్తు. త్వరగా పనిచేస్తుంది, ఛాతీ నుంచి కిందికి నొప్పి తెలియకుండా మొద్దుబారుతుంది, మనం మెలకువగా ఉంటాం. అందులోనే కొద్దిగా మార్ఫిన్ కలిపితే ఆపరేషన్ అయ్యాక కూడా చాలా గంటలు నొప్పి అదుపులో ఉంటుంది, ఒళ్లు కాస్త దురద పెట్టొచ్చు. ఎపిడ్యూరల్‌లో సన్నని గొట్టాన్ని వెన్ను దగ్గర ఉంచి మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. అది పనిచేయడానికి ఎక్కువసేపు పడుతుంది, అందుకని ముందే ఖాయమైన సిజేరియన్‌కి దాన్నొక్కదాన్నే వాడడం తక్కువ. పాత ఆపరేషన్ వల్ల లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండి ఆపరేషన్ ఆలస్యం కావొచ్చని అనుమానం ఉంటే రెండూ కలిపి ఇస్తారు.

ఒళ్లంతా తెలియకుండా నిద్రపుచ్చే జనరల్ మత్తు ఇంకో దారి. రక్తం గడ్డకట్టడంలో లోపమున్నా, వెన్నులో సూది వేయడం కుదరకపోయినా, క్షణాల మీద బిడ్డను తీయాల్సి వచ్చినా ఇదే ఇస్తారు. అలాంటప్పుడు ఇది తల్లినీ బిడ్డనూ కాపాడే మందు. ఏ కారణమూ లేకుండా దీన్ని ఎంచుకుంటే పోగొట్టుకునేవి మాత్రం ఎక్కువే. బిడ్డ మొదటి ఏడుపు వినం, మన మనిషిని సాధారణంగా లోపలికి రానివ్వరు, బిడ్డ కాస్త మత్తుగా పుట్టొచ్చు, లేచాక నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. మెలకువగా ఉండాలంటేనే ప్రాణం మీదికి వచ్చినట్టు భయపడేవాళ్లు ఆ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. ఏ క్షణంలో ఏం జరుగుతుందో వివరిస్తూ పక్కనే కూర్చునే మత్తు డాక్టరు ఉంటే ఆ భయం చాలావరకు దారికొస్తుంది.

స్పైనల్ ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ముందే తెలిస్తే భయపడాల్సిన పని ఉండదు. కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంగమంటారు. చర్మం మొద్దుబారడానికి ఇచ్చే చిన్న సూది చుర్రుమంటుంది, అసలు సూది అప్పుడు ఒత్తిడిలాగే తెలుస్తుంది. కాసేపట్లో పాదాలు వెచ్చబడతాయి, కాళ్లు ఎత్తబోతే లేవవు. వెల్లకిలా పడుకోబెట్టి బల్లను కాస్త ఎడమవైపు వంచుతారు. గర్భాశయం బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ పడిపోకుండా ఇలా చేస్తారు. తర్వాత చల్లటి స్ప్రేయో ఐసుముక్కో భుజం మీద పెట్టి, "ఈ చల్లదనం గుర్తుంచుకోండి" అంటారు. అదే పొట్ట మీదినుంచి ఛాతీ వరకు ఒక్కోచోట ఆనిస్తూ చల్లగా ఉందా అని అడుగుతారు. చల్లదనం తెలియకుండా పోయి, ఆ మొద్దుదనం ఛాతీ దాకా వచ్చిందని తేలాకే కోత పెడతారు. ఇది తెలియక, మత్తు ఎక్కకముందే కోసేస్తారేమో అని భయపడేవాళ్లు ఎంతమందో.

నొప్పి తెలియదు గానీ స్పర్శ పోదు. లోపల ఎవరో సామాను సర్దుతున్నట్టు లాగడం, తొయ్యడం తెలుస్తుంది. బిడ్డను తీసే ముందు పొట్ట పైభాగం మీద గట్టిగా నొక్కుతారు. దవడలు కొట్టుకునేంత వణుకు రావొచ్చు, అది మామూలే. వికారం అనిపిస్తే చాలాసార్లు బీపీ తగ్గినందువల్లే, చెప్పిన వెంటనే మందు ఇస్తే సర్దుకుంటుంది. ఊపిరి అందడం లేదని కూడా కొందరికి అనిపిస్తుంది. ఛాతీ కండరాల స్పర్శ తగ్గడం వల్ల ఊపిరి తీస్తున్న సంగతి మనకు తెలియదు, అంతే. మాట్లాడగలుగుతున్నామంటే ఊపిరి ఆడుతున్నట్టే. ఏది అనిపించినా నోరు తెరిచి చెప్పాలి, ఓర్చుకోవడం అవసరం లేదు. నొప్పే తెలిస్తే మరీను.

తెర, బొడ్డుతాడు, ఛాతీ

ఆపరేషన్ మొత్తం 40 నుంచి 60 నిమిషాలు పడుతుంది. కోత పెట్టిన 5, 10 నిమిషాల్లోనే బిడ్డ బయటికి వచ్చేస్తుంది. మిగిలిందంతా మాయ తీయడం, కుట్లు వేయడం. అంటే బిడ్డ పుట్టాక అరగంటకు పైగా మనం అక్కడే కదలకుండా పడుకుని ఉంటాం. ఆ అరగంట ఎలా గడుస్తుందన్నదే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. బిడ్డ గుండెల మీద ఉంటే కుట్లు ఎప్పుడు పూర్తయ్యాయో కూడా గుర్తుండదు. బిడ్డను వేరే గదికి తీసుకెళ్తే పైన లైట్లు చూస్తూ, "ఏడ్చిందా? బాగుందా?" అని అడుగుతూ గడపాలి.

2008లో లండన్ డాక్టర్లు కొందరు, తల్లి కోరికలు మధ్యలో పెట్టుకుని సిజేరియన్ ఎలా చేయొచ్చో ఒక పద్ధతి ప్రచురించారు. తెర దించి, తల్లి తల కాస్త ఎత్తి, బిడ్డ తల బయటికి రాగానే ఒక్కసారిగా లాగేయకుండా నిదానంగా రానిచ్చి, నేరుగా తల్లి ఛాతీ మీద పెట్టడం అందులోని సారం. జెంటిల్ సిజేరియన్ అంటూ ఇప్పుడు వినిపించేవన్నీ దానికి దగ్గరివే. ఆ పేరు చెప్పి అడిగితే కొన్నిచోట్ల "మా దగ్గర అలాంటివి చేయం" అని ఒక్కమాటతో తేల్చేస్తారు. అందుకే పేరు పక్కనపెట్టి, కావలసినవి విడివిడిగా అడగమని నా సలహా.

తెర విషయానికొస్తే మూడు దారులు. పూర్తిగా ఉంచడం, బిడ్డ వచ్చే క్షణంలో దించడం, పారదర్శకమైన తెర వాడడం. కోత కనిపిస్తుందేమో అని భయపడక్కర్లేదు, పడుకుని ఉన్న మనకు బిడ్డే కనిపిస్తుంది. అయినా చూడాలని లేకపోతే మానేయండి. తెర దించకపోవడం వల్ల బిడ్డతో బంధానికి ఏ లోటూ రాదు.

బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సమయంలో మాయలోని రక్తం బిడ్డకు చేరి ఐరన్ నిల్వలు పెరుగుతాయి. తల్లికి రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, బిడ్డ ఊపిరి తీసుకోకపోయినా ఆగరు, ఆగకూడదు. తాడు నాన్న చేత కోయించాలనుకుంటే, ఆపరేషన్ జరిగే చోట బయటి చేతులు తగలనివ్వరు కాబట్టి డాక్టరు తాడు పొడవుగా వదిలి కోసి, తర్వాత పక్కన నాన్న చేత కురచగా కత్తిరింపిస్తారు.

ఇక ఛాతీ మీదికి రావడం. దీనికి ముందునుంచే తయారీ కావాలి, అప్పటికప్పుడు అడిగితే కుదరదు. గుండె లయ చూసే స్టిక్కర్లు ఛాతీ మధ్యలో కాకుండా భుజాలకో పక్కలకో అంటించాలి. సెలైన్, బీపీ పట్టీ రెండూ మనం ఎక్కువగా వాడని చేతికి ఉండాలి. గౌను ముందువైపు తెరుచుకునేలా వేసుకోవాలి. బిడ్డను తుడిచి, టోపీ పెట్టి, అడ్డంగా ఛాతీ మీద ఉంచి వెచ్చటి గుడ్డ కప్పుతారు. ముక్కు, నోరు కనిపిస్తూ ఉండాలి, మనం వణుకుతున్నప్పుడు బిడ్డను చూసుకోవడానికి ఒక నర్సు పక్కనే ఉండాలి. తూకం, విటమిన్ కె సూది కాసేపు ఆగినా ఏమీ కాదు.

మనకు వికారంగానో వణుకుగానో ఉంటే తర్వాతి మేలైన దారి, పక్కనున్న మనిషి చొక్కా గుండీలు విప్పి ఒంటికి ఆనించుకోవడం. అదీ కుదరకపోతే బిడ్డను గుడ్డలో చుట్టి మన చెంపకు ఆనించి పట్టుకోమనాలి. ఇవేవీ లేకుండా నేరుగా బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కిందికి, అక్కడినుంచి వేరే గదికి వెళ్లడం బిడ్డకు సాయం అవసరమైనప్పుడు మాత్రమే సబబు. అలా వెళ్లాల్సి వస్తే మన మనిషి బిడ్డతో వెళ్లాలా, మన దగ్గరే ఉండాలా అన్నది ఇంట్లోనే మాట్లాడుకోండి.

పక్కన ఉండే మనిషి భర్తే కావాలని లేదు. అమ్మో అక్కో స్నేహితురాలో, రక్తం చూస్తే కళ్లు తిరగని, మన చెయ్యి వదలని మనిషి అయితే చాలు. పాటలు, ఫొటోలు మీ ఇష్టం.

చిన్నవే, కానీ చెప్పాల్సినవి

ఘనాహారం 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. రాత్రంతా నీళ్లు కూడా ముట్టొద్దంటే కారణం అడగండి. ఇంట్లో రేజరుతో వెంట్రుకలు తీసుకోవద్దు. కంటికి కనిపించని గాట్లు పడి ఇన్‌ఫెక్షన్‌కి దారితీస్తాయి, అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పరుతో తీస్తారు. చర్మానికి పిన్నులా, కుట్లా అని అడిగే వీలుంటే కుట్లే అడగండి, గాయం విచ్చుకునే అవకాశం తక్కువ.

నొప్పి మందు: అడిగినప్పుడా, టైముకా?

సందేహం లేకుండా టైముకే. నొప్పి వచ్చాక పిలిచి, నర్సు వచ్చి, మాత్ర వేసుకుని, అది పనిచేసేసరికి మంచం దిగడమే కష్టమవుతుంది. పారాసెటమాల్, దానితోపాటు ఐబుప్రోఫెన్ లాంటి మందు గంటల లెక్కన క్రమంగా ఇస్తే ఘాటైన మందుల అవసరం తగ్గుతుంది. ఈ రెండూ పాలిచ్చే తల్లులకు సురక్షితమే. ఆస్తమా, అల్సర్, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ముందే చెప్పాలి. కోడీన్ పాలిచ్చేవాళ్లకు మంచిది కాదు, పాల ద్వారా బిడ్డకు చేరి ఊపిరి మందగించేలా చేయగలదు. నొప్పి ఓర్చుకుంటే బిడ్డకు మంచిదనే మాట నమ్మకండి. నొప్పితో బిగుసుకుపోయిన తల్లి లేవలేదు, పక్కకు తిరగలేదు, పాలివ్వడానికీ కుదురుగా కూర్చోలేదు.

అదే రోజు లేచి నిలబడడం కష్టంగానే ఉంటుంది, అయినా చేయాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అది కాపాడుతుంది. లేచేటప్పుడు నేరుగా కాకుండా పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు ఆనించి లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదుముకోవాలి. పేగులు త్వరగా కదలడానికి చూయింగ్ గమ్ నమలడం కూడా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. పాలిచ్చేటప్పుడు బిడ్డను పొట్ట మీద ఉంచుకోకుండా పక్కకు పడుకునో, చంక కింద పట్టుకునో ఇస్తే కుట్ల మీద బరువు పడదు. సిజేరియన్ అయినా కింద రక్తస్రావం కొన్ని వారాలు ఉంటుంది, చూసి కంగారుపడొద్దు.

జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక పిక్కలో వాపుతో కూడిన నొప్పి, ఆయాసం, గుడ్డలు వెంటవెంటనే తడిసిపోయేంత రక్తం, చూపు మసకబారేంత తలనొప్పి, బతకాలనిపించని దిగులు. వీటిలో ఏదొచ్చినా మర్నాటి దాకా ఆగకూడదు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి స్పైనల్ వల్ల కొద్దిమందికి వస్తుంది. దానికి వైద్యం ఉంది, మత్తు డాక్టరుకి చెప్పాలి.

అడగడం ఎలా?

35వ వారం దాటకముందే ఒక్క పేజీలో రాసుకోండి. ప్రతి కోరిక పక్కన, అది కుదరకపోతే ఏం కావాలో కూడా రాయండి. "బిడ్డ నా ఛాతీ మీద. కుదరకపోతే వాళ్ల నాన్న ఛాతీ మీద." "ఇలాగే చేయాలి" అనకుండా "ఇలా చేయడానికి మీ థియేటర్లో ఏం అడ్డొస్తుంది?" అని అడిగితే, కుదరదన్న దాంట్లోనూ సగం కుదిరే దారి దొరుకుతుంది. ఆపరేషన్ చేసే డాక్టరుతో మాట్లాడితే సరిపోదు. మత్తు డాక్టరుతో విడిగా మాట్లాడాలి, స్టిక్కర్లు, సెలైన్ చెయ్యి, పక్కన మనిషి అన్నీ ఎక్కువగా వాళ్ల చేతిలోనే ఉంటాయి. రెండు ఆసుపత్రుల మధ్య ఊగిసలాడుతుంటే, మొదట్లో చెప్పిన ఆ మూడింటికీ, అంటే పక్కన మనిషి, ఛాతీ మీద బిడ్డ, టైముకి నొప్పి మందు గురించి, సూటిగా జవాబు చెప్పిన చోటుకే వెళ్లండి, గదులు ఎంత బాగున్నాయన్నది తర్వాత.

అంతా అనుకున్నట్టు జరగకపోవచ్చు. మధ్యలో జనరల్ మత్తు ఇవ్వాల్సి రావొచ్చు, బిడ్డను కాసేపు తీసుకెళ్లాల్సి రావొచ్చు. ఆ ఛాతీ మీది సమయం కొన్ని గంటల తర్వాతైనా, మర్నాడైనా తీసుకోవచ్చు. ఇంటికి వచ్చేముందు డాక్టరును కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎందుకు జరిగిందని అడగండి. గర్భాశయం మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగా పెట్టారా అన్నది డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. పైన చర్మం మీది మచ్చను చూసి లోపలి కోత ఎలా ఉందో చెప్పలేం, తర్వాతి కాన్పుకి నార్మల్ ప్రయత్నించొచ్చా లేదా అన్నది ఆ లోపలి కోత మీదే ఆధారపడి ఉంటుంది.